ఏర్ అంటే ఏరు కాదు

కొన్నేళ్ల కిందట ఏజెన్సీ ప్రాథమిక బడుల టీచర్లకు ఇంగ్లీషు శిక్షణ జరిగింది. ఇంటర్నెట్లో దొరికే వాటితో ఇంగ్లీషు ఎలా చెప్పాలో చూపించడం ఆ రోజు అంశం. శిక్షణ ఇచ్చే సారు పక్క బడి నుంచి రెండో తరగతి పిల్లల్ని పది మందిని పిలిపించి మా ముందే నమూనా పాఠం చెప్పారు. ఏదో సైటు నుంచి దించుకుని రంగుల్లో ప్రింటు తీయించిన బొమ్మల కార్డులు ఆయన చేతిలో ఉన్నాయి. గ్లాసులో నీళ్లున్న కార్డు ఎత్తి, ముందు వరసలో కూర్చున్న పాపను అడిగారు.

"ఇదేంటమ్మా?"

"ఏర్" అంది పాప.

"ఏరు కాదమ్మా. ఏరంటే వాగు. ఇవి నీళ్లు. నీళ్లను ఇంగ్లీషులో ఏమంటారు? వాటర్. అను, వాటర్."

పాప అనలేదు. ఆ తర్వాత ఇంకే కార్డుకూ నోరు తెరవలేదు.

కోయలో నీళ్లను ఏర్ అంటారు. గోండీలోనూ అంతే. పాప చెప్పింది సరైన జవాబు. సారు మంచివారే, ఓపికగా చెప్పారు. ఆయనకు కోయ రాదు. ఆయన చేతిలోని కార్డుకూ కోయ రాదు. కానీ ఆ హాలులో చివరి వరసల్లో కూర్చున్న మాకు వచ్చు. మా ఇళ్లలో దాహమేస్తే అడిగే మాటే అది. అయినా మాలో ఒక్కరం కూడా లేచి, "సార్, పాప కరెక్టే చెప్పింది" అనలేదు. తలలు వంచుకుని నోట్సు రాసుకున్నాం.

ఈ వ్యాసం ఆ రోజు చెప్పాల్సిన మాటను ఆలస్యంగా చెప్పడమే. ఇంగ్లీషు చెప్పే టీచర్ల కోసం ఇప్పుడు ఆన్‌లైన్‌లో పాఠాలు, వీడియోలు, వర్క్‌షీట్లు, కథలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో ఏది మంచిదో, ఏది కాదో తేల్చడానికి మాకు తోచిన కొలబద్ద ఒకటే. పిల్ల "ఏర్" అన్నప్పుడు ఆ మాటను పట్టుకోవడానికి ఆ పాఠంలో చోటుందా, లేదా?

మనకు ఫోనే గతి అయిన వైనం

తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడులన్నిటిలో ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందే ఆ దారి పట్టారు. రెండు చోట్లా ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. పుస్తకం తయారు చేసినవాళ్ల ఉద్దేశం మంచిదే. ఇంగ్లీషు పేజీ అర్థం కాకపోతే పిల్లవాడు తెలుగు పేజీ చూసుకుంటాడని. అయితే ఆ ఆలోచనలో ఒక పిల్లవాడు ఉన్నాడు. వాడి ఇంట్లో తెలుగు మాట్లాడతారు. మా గూడెం పిల్లకు ఆ రెండు పేజీలూ రెండు పరాయి భాషలే. ఒకటి అర్థం కాక రెండోది చూస్తే, అదీ అర్థం కాదు.

టీచర్ల సంగతీ అంతే. మాలో చాలామందిమి తెలుగు మీడియంలో చదివి, తెలుగు మీడియంలోనే డీఎడ్ చేసినవాళ్లం. ఇంగ్లీషులో పాఠం చెప్పమన్నప్పుడు మా దగ్గరున్న సాయం చేతిలోని ఫోను. గూడెంలో సిగ్నల్ ఉండదు కాబట్టి మండల కేంద్రానికి వెళ్లిన రోజు వీడియోలు దించుకుంటాం. రీచార్జి మా జేబులోంచే. ఇంత కష్టపడి దించుకున్నది ఎవరి కోసం తయారైందో మాత్రం చాలా రోజులు అడగలేదు.

ఎవరి తప్పులు దిద్దుతున్నాం?

ఇంగ్లీషు ఉచ్చారణ నేర్పే పాఠాలు తెరిస్తే రెండు అభ్యాసాలు తప్పక కనిపిస్తాయి. ఒకటి 'షిప్', 'షీప్' తేడా. రెండోది 'రైట్', 'లైట్' తేడా. వీటి మీద మేము ఒక టర్ములో వారాల తరబడి గడిపాం. పిల్లలు మొదటి రోజే సరిగ్గా పలికారు. మా బోధన గొప్పదనుకున్నాం.

అసలు సంగతి వేరు. స్పానిష్ భాషలో ఇకారానికి మనకున్నట్టు హ్రస్వ దీర్ఘాల తేడా లేదు. అందుకే ఆ పిల్లలకు షిప్, షీప్ ఒకలాగే వినిపిస్తాయి. జపాను భాషలో ర, ల లకు వేరువేరు ధ్వనులు లేవు. అందుకే వాళ్లకు రైట్, లైట్ అభ్యాసం కావాలి. తెలుగులోనూ కోయలోనూ ఈ తేడాలు తల్లిపాలతోనే వస్తాయి. మన పిల్లలకు వచ్చే ఇబ్బందులు వేరు. 'ఫ్యాన్'ను 'పాన్' అంటారు. 'జూ'లోని మొదటి ధ్వని పలకదు. 'స్కూల్'కు ముందు ఇకారం, 'బుక్'కు చివర ఉకారం చేరతాయి. ఇలాంటి మరెన్నో. మేము దించుకున్న పాఠాల్లో వీటి మీద పెద్దగా ఏమీ లేదు. మరొకరి పిల్లల తప్పులు మన పిల్లల చేత దిద్దిస్తూ, మన పిల్లల తప్పుల్ని వదిలేశాం.

వ్యాకరణంలోనూ ఇదే. మన పిల్లలు అమ్మ గురించి రాస్తూ 'షి' బదులు 'ఇట్' రాస్తారు. మేము ఎర్రగా కొట్టేసేవాళ్లం. కోయలో, గోండీలో మగవాడికి ఒక రూపం ఉంటుంది. ఆడమనిషికీ, ఆవుకూ, చెట్టుకూ కలిపి ఇంకో రూపం ఉంటుంది. తెలుగులో 'అమ్మ వచ్చింది', 'ఆవు వచ్చింది' అన్నట్టే. పిల్ల 'ఇట్' అని రాసిందంటే తెలివి తక్కువై కాదు, తన భాష వ్యాకరణాన్ని బుద్ధిగా పాటించింది. "మన భాషలో రెండు అరలు, ఇంగ్లీషులో మూడు అరలు" అని బోర్డు మీద గీసి చూపిస్తే ఒక పీరియడ్‌లో తేలే విషయం. ఈ ముక్క ఏ సైటూ మాకు చెప్పలేదు. చెప్పాలని అడగడం కూడా న్యాయం కాదు. అది మన పిల్లల్ని ఎరిగినవాళ్లే చెప్పగలరు.

వర్క్‌షీట్ల సంగతి ఒక్కటి చెప్పి ఆపుతాం. 'పొద్దున ఏం తింటావు?' అన్న పాఠంలో టోస్టు, సీరియల్, జ్యూస్ బొమ్మలున్నాయి. మూడో తరగతి పిల్లవాడు ఆ బొమ్మలన్నీ వదిలేసి, 'ఐ ఈట్ జావ' అని రాశాడు. మేము 'జావ' కింద గీత గీసి, ఇంగ్లీషులో రాయమన్నాం. వాడు దాన్ని చెరిపేసి 'టోస్ట్' అని రాశాడు. టోస్టు వాడు ఎన్నడూ చూడలేదు. నిజం రాసిన వాక్యాన్ని కొట్టేసి అబద్ధం రాయించి, మార్కు వేశాం. ఇడ్లీ, దోసె ఇంగ్లీషు నిఘంటువుల్లోకి అదే పేర్లతో ఎక్కాయి. జావ ఒక పిల్లవాడి నోటుబుక్కులోకి ఎక్కితే ఇంగ్లీషుకు ఏం నష్టం?

అమెరికా సైటు ఒకటి చెప్పిన మంచిమాట

ఇంగ్లీషు ఇంటి భాష కాని పిల్లలకు పాఠం చెప్పే టీచర్ల కోసం అమెరికాలో కొలొరిన్ కొలొరాడో అనే సైటు ఉంది. వాషింగ్టన్‌లోని ప్రజా ప్రసార సంస్థ వీటా 2002లో మొదలుపెట్టింది. స్పానిష్‌లో కథ ముగించేటప్పుడు చెప్పే మాటల్లోంచి ఆ పేరు తీసుకున్నారు. మనం 'కథ కంచికి, మనం ఇంటికి' అంటామే, అలాంటిది. ఆ సైటు ఇంగ్లీషు, స్పానిష్ భాషల్లో ఉంటుంది.

మెక్సికో నుంచో, వియత్నాం నుంచో వచ్చిన పిల్లల కోసం రాసినవి మనకెందుకు పనికొస్తాయని మొదట అనుకున్నాం. చదివితే ఆశ్చర్యమేసింది. టీచరుకు వాళ్లు చెప్పే మొదటి మాటలు ఇవి. పిల్ల పేరును వాళ్లింట్లో పిలిచినట్టు పలకడం నేర్చుకో. తల్లిదండ్రుల్ని ఇంటి భాష మానమని చెప్పకు, ఆ భాషలోనే కథలు చెప్పమను. కొత్త పాఠం ముందు ఇంటి భాషలో కాస్త మాట్లాడించు. పిల్లలకు చదివి వినిపించడం గురించి తల్లిదండ్రుల కోసం తయారు చేసిన సలహా పత్రాల్లో స్పానిష్, చైనీస్, అరబిక్‌లతో పాటు నవాహో కూడా ఉంది. నవాహో అమెరికా ఆదివాసుల భాష. ఆ పేరు ఆ వరసలో చూసినప్పుడు మాకు కలిగిన సంతోషం చెప్పలేం. ఆ వరసలో కోయ ఉంటే ఎలా ఉండేదో అనిపించింది.

ఇదంతా ఒక సైటు మంచితనం వల్ల వచ్చింది కాదు. దాని వెనక పోరాటాలున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా పిల్లలు దాదాపు 1,800 మందికి ఏ ప్రత్యేక సాయమూ లేకుండా అందరితో పాటే పాఠం చెప్పారు. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. 1974లో లావ్ వర్సెస్ నికొల్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు, ఒకే గది ఇచ్చినంత మాత్రాన సమానత్వం కాదు, భాష అర్థం కాని పిల్లకు ఆ చదువు అందనట్టే అన్నది దాని సారాంశం. మన ద్విభాషా పుస్తకం ముందు కూర్చున్న గొత్తికోయ పిల్లను తలుచుకుని ఆ తీర్పు చదవాలి.

అలాగని అమెరికాను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అదే దేశం 1879లో కార్లైల్ బడి పెట్టి, ఆదివాసీ పిల్లల్ని ఇళ్లకు దూరంగా తెచ్చి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించింది. అలాంటి బడులు అనేకం నడిచాయి. ఆదివాసీ భాషల్ని కాపాడతామని చట్టం చేసింది 1990లో. ఈలోగా ఎన్నో భాషలు పోయాయి. అంటే ఈ రోజు వాళ్ల సైటులో కనిపించే గౌరవం ఒక తప్పు చేసి, దాని ఫలితం చూశాక వచ్చింది. మనం ఆ తప్పంతా మళ్లీ చేసి నేర్చుకోవాల్సిన పని లేదు.

ఆ సైటులో మనకు పనికిరానివీ ఉన్నాయి. ఇంగ్లీషు, స్పానిష్ భాషల్లో ఒకేలా ఉండే మాటల జాబితాలు అందులో ఒకటి. ఆ జాబితా మనకు వద్దు, ఆ పద్ధతి కావాలి. కోయలో మూండు, తెలుగులో మూడు. ఇలా కలిసే మాటలతో ఒక జాబితా. కోయలో ఏర్, తెలుగులో ఏరు. ఇలా కలిసినట్టు కనిపించి మోసం చేసే మాటలతో ఇంకో జాబితా. ఈ రెండో జాబితా ఆ రోజు శిక్షణ సారు చేతిలో ఉండి ఉంటే పాప నోరు మూసుకునేది కాదు.

మాట్లాడని పిల్ల

మా బడికి ఒక ఏడు గొత్తికోయ కుటుంబాల పిల్లలు నలుగురు వచ్చారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం గొడవలకు ఊళ్లు విడిచి గోదావరి ఇటువైపు అడవుల్లోకి వచ్చినవాళ్ల బిడ్డలు. వాళ్ల మాటకూ మా కోయకూ చుట్టరికం ఉంది, అయినా తేడాలు చాలా. వాళ్లలో ఒక పాప దసరా సెలవుల దాకా తరగతిలో ఒక్క మాట మాట్లాడలేదు. మేము ప్రగతి నమోదులో 'స్లో లెర్నర్' అని రాశాం.

తర్వాత ఒకసారి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం దగ్గర నడిచే వైడా అనే సంస్థ పత్రాలు చూశాం. అందులో పిల్లకు ఏం రాదో రాయరు. ఏం చేయగలదో రాస్తారు. ఆరు మెట్లుంటాయి. మొదటి మెట్టులో ఉన్న పిల్ల మాట్లాడకపోవచ్చు, కానీ వేలుపెట్టి చూపించగలదు, బొమ్మకు బొమ్మ జత చేయగలదు, విన్నది గీయగలదు. కొత్త భాషలోకి వచ్చిన పిల్ల కొంతకాలం మౌనంగా ఉండటం మామూలేనని, ఆ మౌనంలో వింటూనే ఉంటుందని భాషా బోధన గురించి రాసినవాళ్లు చాలాకాలంగా చెబుతున్న మాటే.

మర్నాడు ఆ పాప ముందు పన్నెండు కార్డులు పరిచి, మాట్లాడమనకుండా, ఒక్కో ఇంగ్లీషు మాట చెప్పి చూపించమన్నాం. పది సరిగ్గా చూపించింది. ఇన్నాళ్లూ వింటూనే ఉంది. సంక్రాంతి దాటాక ఒక రోజు వరండాలోకి మేక ఎక్కితే, అందరికన్నా ముందు చూసి "గోట్ కమింగ్" అని అరిచింది. తరగతంతా నవ్వింది, తనూ నవ్వింది.

ఇది అద్భుతమని చెప్పడం లేదు. చదవడంలో ఆ పాప తోటివాళ్ల కన్నా వెనకే ఉంది. మరుసటి ఏడు ఆశ్రమ పాఠశాలకు వెళ్లింది. మేము మా రిజిస్టరులో 'స్లో లెర్నర్' అన్న మాట కొట్టేశాం. కానీ నకలు అప్పటికే పాప కాగితాలతో వెళ్లిపోయింది. అక్కడి టీచరు పాపను చూడకముందే ఆ మాట చదివి ఉంటారు.

మన ఇంటి వనరులు

మన దేశంలో తయారైన వాటి మాటకొద్దాం. కేంద్ర ప్రభుత్వం 2017లో దీక్ష వేదిక తెచ్చింది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో తెరుచుకుంటుంది. పాఠంతో నేరుగా ముడిపడి ఉండటం దీని బలం. టీచరు వెతుక్కోనక్కర్లేదు. దీని లోటు కూడా అక్కడే ఉంది. పుస్తకం ఏ పిల్లను ఊహించుకుందో వీడియో కూడా ఆ పిల్లనే ఊహించుకుంటుంది. పుస్తకంలో లేని ఇంటి భాష కోడ్‌లోకి ఎక్కడి నుంచి వస్తుంది?

బ్రిటిష్ కౌన్సిల్ టీచర్ల కోసం నడిపే సైటులో తరగతి నిర్వహణ, జట్టు పనులు, ఆటలు బాగుంటాయి. వస్తువులేమీ లేకుండా ఆడించే ఆటలు మాకు నిజంగా పనికొచ్చాయి. చెప్పింది విని చేసి చూపించే ఆటలు మరీ బాగా పనిచేస్తాయి. దూకు, కూర్చో, ఆకు తే, రాయి దాచు. ఇవి పిల్ల భాషను అడగవు, శరీరాన్ని అడుగుతాయి. కాబట్టి కోయ పిల్లా, లంబాడా పిల్లా, తెలుగు పిల్లా ఒకే వరసలో నిలబడతారు.

చదివించి వినే యాప్‌లు కూడా వచ్చాయి. పిల్ల గట్టిగా చదివితే ఫోను వింటుంది, సరిగ్గా చదివితే నక్షత్రం ఇస్తుంది. అలాంటి ఒక యాప్‌లో మా పిల్లవాడు 'ఫిష్'ను 'పిష్' అన్నందుకు ఆరుసార్లు ఆగిపోయాడు. చేప బొమ్మ వాడికి తెలుసు, అర్థం తెలుసు, అక్షరాలు తెలుసు. ఫోను మాత్రం ముందుకు కదలనివ్వలేదు. యంత్రానికి ఓపిక ఎక్కువే, కానీ పిల్లవాడికి వచ్చిందేమిటో, రానిదేమిటో విడదీసి చూడటం టీచరు పని.

అన్నిటిలో మాకు దారి చూపింది ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్. 2015లో మొదలైంది. పిల్లల కథలు బొమ్మలతో సహా ఉచితం. చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడగొట్టారు. గోండీ, సంతాలీ వంటి ఆదివాసీ భాషల కథలూ అందులో కనిపిస్తాయి. దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. సిగ్నల్ లేని చోట ఇది పెద్ద సంగతి. అన్నిటికన్నా ముఖ్యం దాని లైసెన్సు. రాసినవాళ్ల, బొమ్మలు గీసినవాళ్ల పేర్లు చెప్పి, ఆ కథను ఎవరైనా తమ భాషలోకి మార్చుకోవచ్చు, అక్కడే పెట్టవచ్చు. మిగతా చోట్ల మనం తీసుకునేవాళ్లం మాత్రమే. ఇక్కడ పెట్టేవాళ్లం కూడా కావచ్చు.

ఇక్కడా ఒక జాగ్రత్త కావాలి. అనువదించడానికి దొరికే కథల్లో పట్నం పిల్లల కథలు చాలా ఉంటాయి. లిఫ్టు కథను కోయలోకి మార్చినంత మాత్రాన అది కోయ కథ కాదు. మన అవ్వలు చెప్పే కథ ముందు కోయలో రాసి, దాన్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్లాలి. దారి రెండు వైపులా నడవాలి.

తెలుగు అనే నడిమి మెట్టు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకం నడుమ ఒక మంచి ప్రయత్నం జరిగింది. గోండి, కోయ, కోలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో, చిన్న తరగతులకు వాచకాలు తయారు చేశారు. పిల్లను ఇంటి భాషలో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తేవాలన్నది ఆలోచన. ఆ రోజుల్లో ఇంగ్లీషు దూరంగా ఉంది. ఇప్పుడు ఇంగ్లీషు ఒకటో తరగతి గుమ్మంలోకి వచ్చింది. ఇంగ్లీషు వనరులు తయారు చేసేవాళ్లకు ఆ వాచకాలున్న సంగతి తెలియదు. ఆ వాచకాలు రాసినవాళ్లను ఇంగ్లీషు పాఠాలకు ఎవరూ పిలవలేదు. ఈ రెండు పనులూ ఒకే పిల్ల కోసం జరగాల్సినవి. ఒకదాన్నొకటి కలుసుకోలేదు.

కలవలేవా అంటే, కలిసిన ఉదాహరణ మనకు చాలా ముందే ఉంది. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉంటూ సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాష మీద ఇంగ్లీషులో పుస్తకం తెచ్చారు. 1938లో ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. గమనించాల్సింది ఒకటుంది. అందులో సవర మాట పక్కన నేరుగా ఇంగ్లీషు మాట ఉంది. సవర నుంచి ఇంగ్లీషుకు వెళ్లడానికి ముందు తెలుగు గేటు దగ్గర టిక్కెట్టు తీసుకోనక్కర్లేదని ఆ పుస్తకం అప్పుడే చూపించింది. అదీ తెలుగు కోసం జీవితమంతా పోరాడిన మనిషి చేసిన పని.

ఇక్కడ మా తోటి టీచర్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "తల్లిదండ్రులు ఇంగ్లీషు కావాలని పంపుతుంటే, మీరు కోయ అంటారేంటి?" న్యాయమైన ప్రశ్న. మా నాన్నలూ మమ్మల్ని బడికి పంపింది కోయ నేర్చుకోవడానికి కాదు. మేము ఇంగ్లీషు వద్దనడం లేదు. ఇంగ్లీషు రాక ఇంటర్వ్యూ గదుల్లో చెమటలు పట్టినవాళ్లం మేము. కెనడాలో జిమ్ కమిన్స్ అనే పండితుడు 1979 నుంచీ చెబుతున్న మాట ఒకటుంది. ఒక భాషలో గట్టిపడిన ఆలోచన రెండో భాషకు పునాది అవుతుందని. ఆయన నీళ్లలో తేలే మంచుకొండను చూపించి చెప్పాడు, పైన రెండు శిఖరాలు, అడుగున ఒకటే కొండ. మనం మంచుకొండ చూడలేదు, వెదురు పొద చూశాం. పైకి ఎన్ని బొంగులు కనిపించినా మట్టిలో వేర్లు కలిసే ఉంటాయి. వేరు నరికి, కొత్త బొంగు రాలేదని దాన్ని తిట్టడం ఏం పని?

రాజ్యాంగంలోని 350ఏ అధికరణం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సదుపాయం కల్పించమంటుంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు మాతృభాషే అంటుంది. ఈ 'వీలైనంత'లోనే మన పిల్లలు జారిపోతున్నారు. ఆ వీలు కల్పించమని అడుగుతూనే ఉండాలి. అడుగుతూ, మన చేతిలో ఉన్నది మనం చేయాలి.

రేపు బడికి వెళ్లి చేయగలిగినవి

ఏ కార్డు దించుకున్నా దాని వెనక మూడు మాటలు రాద్దాం. ఏర్, నీళ్లు, వాటర్. పిల్ల ఈ మూడింటిలో ఏది చెప్పినా అది జవాబే. మొదటి మాట చెప్పినప్పుడు "అవును" అని, మూడో మాట అందిద్దాం. ఇంటి భాష టీచరుకు రాకపోతే పిల్లల్నే అడిగి రాసుకుందాం. టీచరు తమ దగ్గర నేర్చుకుంటున్నారని తెలిసిన పిల్లలు టీచరు దగ్గర ఇంకా బాగా నేర్చుకుంటారు. లంబాడా, కోయ, తెలుగు పిల్లలు కలిసిన తరగతిలో నాలుగు మాటలు రాయాల్సి వస్తుంది. కార్డు వెనక చోటు ఉంటుంది.

వర్క్‌షీటులో టోస్టు బొమ్మ పక్కన ఒక ఖాళీ గడి గీద్దాం. అందులో పిల్ల తను తిన్నది గీసి, వాళ్లింటి పేరుతోనే రాస్తుంది. చుట్టూ ఉన్న వాక్యం ఇంగ్లీషులో ఉంటే చాలు.

చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. 2011 జనాభా లెక్కల్లో కోయ మాట్లాడేవాళ్లు 4 లక్షలకు పైనే. ఇంతమంది ఉన్న భాషలో పిల్లలకు ఇంగ్లీషు నేర్పే బొమ్మల పుస్తకాలు ఎన్ని ఉన్నాయో మీరే వెతికి చూడండి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో దొరికిన పాత రాతప్రతుల్లోని గోండీ లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. ఇప్పుడు ఫోనులో ఆ అక్షరాలు రాయవచ్చు. ఆ ప్రతుల్ని దాచిన పెద్దలు లేకపోతే ఏ కంప్యూటరూ వాటిని కనిపెట్టేది కాదు. మీ ఫోనులో మీ అవ్వ చెప్పే కథ ఒకటి రికార్డు చేయండి. పది వాక్యాలకు కుదించండి. కోయలో, తెలుగులో, ఇంగ్లీషులో రాయండి. తప్పులుంటే మేము కలిసి దిద్దుతాం. మా ఇంగ్లీషు తప్పులు మీరు దిద్దండి.

ఆ నమూనా పాఠం చూపించిన సారును తర్వాత ఒక సమావేశంలో కలిశాం. ఏర్ అంటే కోయలో నీళ్లని అప్పుడు చెప్పాం. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అప్పుడే చెప్పాల్సింది కదా" అన్నారు. నిజమే. ఆ పాప పేరు మేము కనుక్కోలేదు, ఇప్పుడు ఏ తరగతిలో ఉందో తెలియదు. ఈసారి శిక్షణలో మేము ముందు వరసలో కూర్చుంటాం.